తీవ్రత: ఒక మోస్తరు

బెయిన్‌బ్రిడ్జ్ దీవి నుంచి వచ్చిన ఫెర్రీ సియాటిల్ రేవులో ఆగింది. తాళ్లు బిగించారు. గేటు తెరిచారు. కార్లు ఒకదాని వెనక ఒకటి దిగిపోయాయి. ఒక్క కారు మాత్రం దిగలేదు.

దాని వెనకున్న వ్యాన్ డ్రైవరు హారన్ మీద హారన్ కొట్టాడు. ఫెర్రీలో పనిచేసే అమ్మాయి విసుక్కుంటూ వచ్చి కారు అద్దం మీద తట్టింది.

"సార్, నిద్ర చాలు. ఊరొచ్చింది."

స్టీరింగ్ మీద తల ఆన్చి కూర్చున్న మనిషి కదల్లేదు. పక్కన కాఫీ ఇంకా పొగలు కక్కుతోంది. ఛార్జర్ తీగ ఉంది. దాని చివర ఫోన్ లేదు.

చనిపోయిన మనిషి పేరు గేబ్ టోబిన్. ఇతర కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో కన్నాలు వెతకడం, దొరికితే ఆ కంపెనీకి చెప్పడం అతని పని. ఆ శుక్రవారం ఒక భద్రతా సదస్సులో మాట్లాడాల్సి ఉంది. అతని కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. పోలీసులు గుండెపోటు అని రాసుకున్నారు. మధ్యాహ్నానికి ఆస్పత్రి డాక్టర్ మెడ వెనక, జుట్టు అంచున, దోమ కుట్టినంత ఎర్రటి చుక్కను చూసింది. సాయంత్రానికి ఫైలు పోలీసుల చేతుల్లోంచి జారిపోయి ఇంకెక్కడికో చేరింది.

అది చేరిన చోటు బల్లార్డ్ పేటలో పడవల రంగులమ్మే దుకాణం పై అంతస్తు. బయట బోర్డు లేదు. లోపల ఎప్పుడూ వార్నిష్ వాసన. అక్కడ పనిచేసేవాళ్లు దాన్ని 'విభాగం' అని మాత్రమే అంటారు.

"కూర్చో ఐవార్. ఆ తడి కోటు నా కుర్చీ మీద వెయ్యకు," అంది చీఫ్ బెర్నీస్ ఓడమ్. అరవై దాటిన మనిషి. కళ్లజోడు పైనుంచి చూసిందంటే ఎదుటివాడు అడక్కుండానే నిజం చెప్పేస్తాడు.

ఏజెంట్ ఐవార్ నైగార్డ్ కోటు నేలమీద పడేసి కూర్చున్నాడు. పొడుగాటి మనిషి, నెరుస్తున్న గడ్డం, ఎవరికీ గుర్తుండని ముఖం. ఆ ముఖమే అతని ఆస్తి.

"ప్లోవర్ వాడతావా?" అని అడిగింది ఓడమ్.

"బ్రౌజరా? ఊళ్లో సగం మంది అదే వాడతారు కదా చీఫ్."

"ఆల్డర్‌మియర్ కంపెనీది. టోబిన్ దాన్లో కన్నం కనిపెట్టాడు. పనిగట్టుకుని తయారుచేసిన పేజీ ఒకటి తెరిస్తే చాలు. దేన్నీ నొక్కక్కర్లేదు. కెమెరా వాళ్లది, ఉత్తరాలు వాళ్లవి, నువ్వెక్కడున్నావో వాళ్లకి తెలుస్తుంది. కంపెనీకి చాన్నాళ్ల కిందటే రాశాడు. దానికి మందు తయారైంది. మంగళవారం ఉదయం పదింటికి అప్‌డేట్ వదులుతారు, దానితో పాటు ఏం బాగుచేశారో వాడేవాళ్లకి చెప్పే నోటీసు."

"మరి అతన్ని చంపడమెందుకు? ఎలాగూ మూసేస్తున్నారుగా."

"అదే నా ప్రశ్న." ఓడమ్ ఒక ఫొటో జరిపింది. ఫెర్రీ మెట్ల మీద బూడిదరంగు వానకోటు మనిషి. "గుడ్లగూబల మనిషి."

విభాగం ఫైళ్లలో ఆ ముఠాకి పెట్టిన పేరు గుడ్లగూబలు. సముద్రాలకవతల ఒక ప్రభుత్వం నడిపే ముఠా. ఆ దేశం వదిలి పారిపోయి వచ్చినవాళ్లని వెతకడం, దొరికితే మాయం చెయ్యడం దాని పని. అలా పారిపోయి వచ్చినవాళ్లలో డాక్టర్ మెరెట్ టెమాన్ ఒకరు. నిరసన ఊరేగింపుల్లో దెబ్బలు తిన్నవాళ్లకి రహస్యంగా వైద్యం చేసిన ఆవిడ. ఆవిడకి పక్క ఊరు టకోమాలో కొత్త పేరు, కొత్త ఇల్లు ఇప్పించింది ఐవారే.

"నిన్న వాళ్ల మాటొకటి మన చెవిన పడింది. 'నోటీసు మనదే' అన్నారు. అంతే."

"అప్‌డేట్ కాదు, నోటీసు?"

"నోటీసు."

ఐవార్ గడ్డం గోక్కున్నాడు. "లోపల మన మనిషి ఉందిగా."

"సిల్వీ మార్షాండ్. ఆ నోటీసులు రాయించేది ఆవిడే. రెండేళ్ల కిందట నేనే తెచ్చుకున్నాను. సోమవారం నువ్వు డాక్టర్ పీటర్ హోమ్‌వి. సామాన్యులకి అర్థమయ్యే భాషలో ఎలా రాయాలో కంపెనీలకి నేర్పే నిపుణుడివి."

"నేనా? నా రిపోర్టులు మీకే అర్థం కావు."

"అందుకే ఎవరికీ అనుమానం రాదు," అంది ఓడమ్. ఒక పెన్ను, ఒక వినికిడి యంత్రం బల్ల మీద పెట్టింది. వినికిడి యంత్రంలో ఆవిడ గొంతు వినిపిస్తుంది, ఇక్కడి మాటలు ఆవిడకి వినిపిస్తాయి. పెన్ను తలుపులు తెరిచే కార్డు పక్కన కాసేపు ఉంటే దాని నకలు తీసుకుంటుంది. "పారేసుకోకు. పోయినసారిది ఇంకా దొరకలేదు."

*

సోమవారం ఆల్డర్‌మియర్ భవనం లాబీలో అతని కోసం ఒకావిడ నిలబడి ఉంది. ఆకుపచ్చ పట్టు చొక్కా, నల్లటి పొడవాటి కోటు, నడుస్తుంటే చుట్టుపక్కలవాళ్ల తలలు తిప్పే రకం నడక.

"ఇక్కడ టీ దొరుకుతుందా?" అన్నాడు ఐవార్.

"దొరుకుతుంది. తాగలేరు," అందావిడ. సంకేతం కలిసింది. "రండి డాక్టర్ గారూ. మా భాషని బాగుచేద్దురుగాని. బతికి బయటపడితే."

మాంట్రియల్ యాస ఇంకా పోలేదు ఆవిడకి. లిఫ్టులో గొంతు తగ్గించింది. "హాథర్లీని కనిపెట్టుకుని ఉండండి. భద్రత మొత్తానికి పెద్ద. నోటీసు మీద ఆఖరి సంతకం అతనిదే."

సమావేశం గదిలో హాథర్లీ, ఒక లాయరు, ఒక పళ్లెం నిండా డోనట్లు ఉన్నాయి. హాథర్లీ ముఖం నున్నగా, సబ్బుబిళ్లలా ఉంది. గోడమీది తెరపై టోబిన్ రాసి పంపిన మాటలు పెద్ద అక్షరాల్లో కనిపిస్తున్నాయి.

'ఒక పేజీ తెరిస్తే చాలు, అవతలివాడు మీ కెమెరాలోంచి చూడగలడు, మీ ఉత్తరాలు చదవగలడు, మీరెక్కడున్నారో తెలుసుకోగలడు. ఇప్పటికే కొందరు ఇలా చేస్తున్నారు. వెంటనే అప్‌డేట్ చేసుకోండి.'

"పాపం, మంచివాడు," అన్నాడు హాథర్లీ. "కానీ మాట మరీ ఘాటు. లాయర్ గారూ, మొదలెట్టండి."

"'ఇప్పటికే' వద్దు," అంది లాయరు. "మనకి ముందే తెలుసని ఒప్పుకున్నట్టవుతుంది. 'కెమెరా' అసలొద్దు. పిల్లలున్న తల్లిదండ్రులు కేసులేస్తారు."

"'వెంటనే' కూడా తీసెయ్యండి," అన్నాడు హాథర్లీ. "రేపు మధ్యాహ్నం పైన కేక్ కోస్తున్నాం. రాష్ట్రంలో బడులన్నీ ప్లోవర్‌కి మారుతున్నాయి. ఆ రోజే 'వెంటనే' అంటే ఎలా ఉంటుంది?"

సిల్వీ తలవంచుకుని మార్పులు టైపు చేస్తూ పోయింది. డోనట్లు అయిపోయేసరికి తెర మీద మిగిలింది ఇది:

'అరుదైన కొన్ని పరిస్థితుల్లో, ప్రత్యేకంగా రూపొందించిన పేజీల వల్ల అనుకోని ప్రవర్తన తలెత్తే అవకాశం లేకపోలేదు. ఈ విడుదలలో స్థిరత్వాన్ని మెరుగుపరిచాం. తీవ్రత: ఒక మోస్తరు.'

ఐవార్‌కి ఒళ్లు మండింది. "దీన్ని మా అమ్మ చదివితే ఏం చేస్తుందంటారు?"

"ఏమీ చెయ్యదు," అన్నాడు హాథర్లీ నవ్వుతూ. "అదే మాకు కావాల్సింది. జనాన్ని కంగారు పెట్టకూడదు డాక్టర్. కంగారు పడ్డ జనం పక్క కంపెనీ బ్రౌజర్ తెచ్చుకుంటారు."

"కంగారు పడాల్సిన విషయమైతే?"

"దానికీ ఏర్పాటుంది. ఎర్ర తెర." హాథర్లీ మెడలో వేలాడుతున్న కార్డు మీద తట్టాడు. "నాదీ సిల్వీదీ రెండు కార్డులూ పెడితే, ప్రపంచంలో ప్లోవర్ తెరిచి ఉన్న ప్రతి చోటా తెర ఎర్రగా అయిపోతుంది. అప్‌డేట్ అయ్యేదాకా ఇంకే పేజీ తెరుచుకోదు. ఇప్పటిదాకా వాడలేదు. వాడం కూడా."

*

మధ్యాహ్నం సిల్వీ అతన్ని నీటి ఒడ్డున ఆయిస్టర్లు, అంటే పచ్చి ఆల్చిప్పలు, పెట్టే హోటలుకి తీసుకెళ్లింది. వాన సన్నగా పడుతోంది. ఆవిడ కోటు కుర్చీకి తగిలించింది. కార్డు ఆ కోటు జేబులో ఉంది. ఐవార్ పెన్ను పొరపాటున జారినట్టు ఆ జేబు పక్కనే పెట్టాడు.

"మీ కళ్లల్లో కోపం కనిపించింది డాక్టర్ గారూ. నిపుణులకి కోపం రాకూడదు. బిల్లు రాయాలంతే."

"మీకు రాదా?"

"మొదటి ఏడాది వచ్చేది. ఒకసారి ఉన్నదున్నట్టు నోటీసు రాశాను. పిలిచి, 'సిల్వీ, నీ స్వరం కాస్త మార్చుకోవాలి' అన్నారు. అప్పట్నుంచీ మార్చుకుంటూనే ఉన్నాను." ఆయిస్టర్ మీద నిమ్మకాయ పిండింది. "హాథర్లీని అనుమానించండి. అతనికి డబ్బు ఎక్కణ్ణుంచో వస్తోంది. పాపం ఆ టోబిన్ సరిగ్గా చెప్పాడు. తాళం పాడైందని చెప్పకుండా, తలుపుకి కొత్త రంగు వేశాం చూడండి అనే కంపెనీ ఇది."

ఐవార్ నవ్వాడు. ఆయిస్టర్ మింగాడు. దాని రుచి అతనికి తెలియలేదు.

ఆ వాక్యం అతనికి తెలుసు. సదస్సులో మాట్లాడబోయే ప్రసంగానికి టోబిన్ రాసుకున్న మొదటి వాక్యం అది. చనిపోయిన ఉదయం ఫెర్రీలో, కారులో కూర్చుని టైపు చేశాడు. 'ఎలా ఉంది?' అని చెల్లెలు రూత్‌కి ఒక్కదానికే పంపాడు. రూత్ ఆ ముక్క ఓడమ్‌కి చూపించి ఏడ్చింది. లోకంలో ఇంకెవరి చెవినా ఆ మాట పడలేదు. చెల్లెలు కాకుండా ఆ వాక్యం చదివినవాడెవడైనా ఉంటే, టోబిన్ ఫోన్ ఎత్తుకుపోయినవాడే. లేదా వాడు చూపించినవాళ్లు.

బయటికొచ్చాక వినికిడి యంత్రంలో మెల్లగా చెప్పాడు. "చీఫ్. మీ మనిషి మీ మనిషి కాదు."

"ఆవిడ కూతురి పెళ్లికి కానుక పంపాను ఐవార్," అంది ఓడమ్. "ఇప్పుడే ముట్టుకోకు. ఇప్పుడు పట్టుకుంటే గుడ్లగూబలు ఎగిరిపోతాయి. రేపు వాళ్లు ఏం చెయ్యబోతున్నారో అది తెలియాలి ముందు."

*

మంగళవారం ఉదయం పదింటికి అప్‌డేట్ వెళ్లింది. నోటీసూ వెళ్లింది. ప్రపంచవ్యాప్తంగా తెరల మూలల్లో చిన్న నీలం చుక్క ఒకటి వెలిగింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

పదకొండు దాటాక సిల్వీ తన అద్దాల గదిలో బ్యాగు సర్దుకుంటోంది. ఐవార్ లోపలికొచ్చి తలుపు మూసి, తాళం పెట్టె ముందు పెన్ను ఆడించాడు. తాళం పడింది.

"నా కార్డు నకలు తీశారన్నమాట," అంది సిల్వీ. "ఆయిస్టర్ల దగ్గరా?"

"ప్రయాణమా?"

"సెలవు."

"టోబిన్ వాక్యం ఎక్కడ చదివారు సిల్వీ? చెల్లెలికి పంపిన వాక్యం."

ఆవిడ చెయ్యి బ్యాగులోంచి బయటికొచ్చింది. చేతిలో చిన్న పిస్తోలు. లిప్‌స్టిక్ కన్నా కాస్త పెద్దది.

"కాల్చండి," అన్నాడు ఐవార్. "గోడలన్నీ అద్దాలే. బయట మీ వాళ్లంతా కూర్చుని ఉన్నారు. చూస్తారు."

సిల్వీ అద్దంలోంచి బయటికి చూసింది. ఎవరి తెరలో వాళ్లు మునిగి ఉన్నారు. ఒక్కడూ తలెత్తలేదు. ఆవిడ నవ్వి పిస్తోలు బల్ల మీద పెట్టేసింది. "నాకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. టోబిన్‌ని చంపుతారని నాకు చెప్పలేదు. తర్వాత అతని ఫోన్లోంచి ఆ ప్రసంగం నాకు పంపారు, అది శుక్రవారమే జనం చెవిన పడుంటే ఎంత గండమయ్యేదో చూడమని. చదివాను. బాగా రాశాడు. నేనెప్పుడూ అలా రాయలేకపోయాను."

"వాళ్లు మీకు టికెట్ ఏ దేశానికి కొన్నారు?"

ఆవిడ బ్యాగు దగ్గరికి లాక్కుంది.

"వాళ్ల దేశానికేగా. పనైపోయిన టోబిన్‌కి సూది. పనైపోయిన సిల్వీకి ఏమిస్తారో అడిగారా?"

ఆవిడ ముఖంలో రంగు తగ్గింది. కుర్చీలో కూలబడింది. అప్పుడు చెప్పడం మొదలెట్టింది.

ఈరోజు మధ్యాహ్నం పన్నెండింటికి ఆ దేశం కొందరు ఖైదీలని విడిచిపెడుతోంది. విడుదలైనవాళ్ల ఫొటోలు ఒక పేజీలో పెడతారు. ఆ లింకు పారిపోయి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇప్పటికే చేరింది. పన్నెండు కాగానే అందరూ తెరుస్తారు. తమ్ముడి కోసం, భర్త కోసం, కొడుకు కోసం. పేజీ పూర్తిగా తెరుచుకున్న క్షణంలో గుడ్లగూబలకి వాళ్ల ఇళ్లు, ముఖాలు, ఉత్తరాలు అన్నీ దొరుకుతాయి.

"నోటీసు గట్టిగా రాసుంటే ఈ రెండు గంటల్లో అందరూ అప్‌డేట్ చేసుకునేవాళ్లు. కన్నం మూసుకుపోయేది. అందుకే మెత్తగా రాయించాలి. దానికే నాకు డబ్బు."

"రాయించారుగా."

సిల్వీ పగలబడి నవ్వింది. నవ్వుతుంటేనే కళ్లు తుడుచుకుంది. "అక్కడే ఉంది తమాషా. మార్పించమని వాళ్లు కొన్ని మాటలు చెప్పారు. 'ఇప్పటికే'. 'కెమెరా'. 'వెంటనే'. నిన్న మీరే చూశారుగా? నేను నోరు తెరవనే లేదు. మన లాయరు, మన హాథర్లీ అన్నీ వాళ్లే పీకేశారు. 'అత్యంత తీవ్రం' అనకుండా 'తీవ్రత: ఎక్కువ' దగ్గర ఆగినా చాలన్నారు నా వాళ్లు. వీళ్లు 'ఒక మోస్తరు'కి దించారు. శత్రువు అడిగినదానికన్నా మెత్తగా. ఊరికే. నేను తీసుకున్నది వీళ్లు ఎలాగూ చేసేపనికి కూలీ."

ఐవార్ ఫోన్ తీసి టకోమాకి కలిపాడు. బిజీ. మళ్లీ కలిపాడు. బిజీ. విడుదల వార్త విని వాళ్లంతా ఒకళ్లకొకళ్లు ఫోన్లు చేసుకుంటున్నారు.

"చీఫ్, విన్నారా?"

"విన్నాను," అంది ఓడమ్ చెవిలో. "టకోమాకి మనుషుల్ని పంపుతున్నాను. కానీ మిగిలినవాళ్లు ఎక్కడున్నారో మనకే తెలీదు ఐవార్. సగం మంది మనక్కూడా దొరక్కుండా దాక్కున్నారు. ఎర్ర తెర ఒక్కటే దారి."

"మీ కార్డు నా పెన్నులో ఉంది," అన్నాడు ఐవార్ సిల్వీతో. "హాథర్లీది కావాలి. ఇస్తాడా?"

"కేక్ కోసేటప్పుడా? ఛస్తే ఇవ్వడు." ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత బ్యాగులోంచి పలక లాంటి చిన్న తెర తీసి అతని చేతిలో పెట్టింది. "ఇది తీసుకెళ్లండి. కన్నం ఇంకా పనిచేస్తోందో లేదో చూసుకోమని వాళ్లే ఇచ్చారు. పరీక్ష కోసం నేను ఒకణ్ణి పట్టాను. ఎవణ్ణో చూస్తే మీక్కూడా నవ్వొస్తుంది."

*

పై అంతస్తులో రంగు కాగితాలు, బెలూన్లు, పక్షి ఆకారంలో పెద్ద కేకు. హాథర్లీ చేతిలో కత్తి. ఐవార్ అతని మోచెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్లాడు.

"డాక్టర్! ఏమిటీ మోటుతనం?"

"నేను డాక్టర్ని కాదు. ప్రభుత్వం మనిషిని. ఎర్ర తెర వెయ్యాలి. ఇప్పుడే. కార్డివ్వండి." నాలుగు ముక్కల్లో విషయం చెప్పాడు.

హాథర్లీ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మీరు చెప్పేది ఘోరమే. కానీ అది ఒక... పరిమిత సమూహం. కోట్లమంది వాడేవాళ్లని భయపెట్టలేను. లిఖితపూర్వకంగా అడగండి. గురువారం కమిటీ ఉంది."

"గురువారానికి వాళ్లుండరు."

"చాలా బాధగా ఉంది," అన్నాడు హాథర్లీ. ఆ మాట కూడా లాయరు దిద్దినట్టే ఉంది.

ఐవార్ ఆ పలక తెర అతని ముఖం ముందు పెట్టాడు.

తెరలో నల్లటి గుడ్డ కనిపించింది. ఏదో జేబు లోపలిది. దాన్లోంచి కేకు దగ్గర జనం నవ్వులు వినిపిస్తున్నాయి. 'చాలా బాధగా ఉంది' అన్న మాట ఒక క్షణం ఆలస్యంగా, హాథర్లీ గొంతుతోనే బయటికొచ్చింది. హాథర్లీ జేబులోంచి తన ఫోన్ తీశాడు. వెంటనే పలక తెరలో నున్నటి ముఖం ప్రత్యక్షమైంది. నోరు తెరుచుకుని ఉంది. ఫోన్ మూలన నీలం చుక్క అలాగే వెలుగుతోంది.

"మీరు అప్‌డేట్ చేసుకోలేదు," అన్నాడు ఐవార్.

"తర్వాత చేద్దామనుకున్నాను... అందులో అంత తొందరేమీ ఉన్నట్టు..." హాథర్లీకి తన నోటీసు తనకే గుర్తొచ్చింది. ముఖం పాలిపోయింది. "నా ఫొటోలు కూడా చూశారా? అన్నీనా?"

"అన్నీ."

పారిపోయి వచ్చినవాళ్ల ప్రాణాలకి కదలని చెయ్యి అప్పుడు కదిలింది. కార్డు తాడుని మెడలోంచి తెంపి ఇచ్చేశాడు.

టకోమాలో డాక్టర్ మెరెట్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఆవిడ వీధి చివర ఆగి ఉన్న కారులో బూడిదరంగు వానకోటు మనిషి ఉన్నాడు. ఈ పేటలోనే ఎక్కడో ఉందని తెలుసు, ఏ ఇల్లో తెలియదు. తెర మీద ఇంటి గుర్తు పడగానే దిగాలి. చర్చి గంట పన్నెండు కొట్టడం మొదలెట్టింది. మెరెట్ లింకు నొక్కింది. పేజీ పైనుంచి కిందికి పరుచుకోవడం మొదలైంది. ఎవరిదో జుట్టు, నుదురు, కనుబొమలు. తమ్ముడి కనుబొమలు.

సియాటిల్‌లో పెన్నూ కార్డూ ఒకేసారి ఎర్ర తెర యంత్రాన్ని తాకాయి.

తెర ఎర్రగా అయిపోయింది.

*

గుడ్లగూబలకి ఆ మధ్యాహ్నం ఒక్క ఇల్లూ దొరకలేదు. వానకోటు మనిషిని ఓడమ్ పంపినవాళ్లు కారులోనే పట్టుకున్నారు. సూది జేబులోనే ఉంది. దానితో పాటు దౌత్యవేత్త పాస్‌పోర్టు కూడా ఉంది. మూడో రోజు అతన్ని మర్యాదగా విమానం ఎక్కించారు. టోబిన్ ఫైలు మళ్లీ పోలీసులకి చేరింది. అందులో గుండెపోటు అనే ఉంది.

"రూత్‌కి ఏం చెప్పాలి?" అన్నాడు ఐవార్.

"నేను చెప్పాను," అంది ఓడమ్. "ఫోన్ పెట్టేసింది. నేనైనా అదే చేసేదాన్ని."

సిల్వీ తెలిసిందంతా విభాగానికి చెప్పింది. బదులుగా ఆవిడకి కొత్త పేరు, ఇంకో ఊరు దొరికాయి. ఆవిడ స్థానంలో ఆ లాయరు వచ్చింది. హాథర్లీకి పై హోదా ఇచ్చారు. సంక్షోభంలో వెనువెంటనే స్పందించినందుకట. టోబిన్ పేరు నోటీసు అడుగున, కృతజ్ఞతలు అన్నచోట వేశారు. అక్షరాలు ఎంత చిన్నవంటే ఐవార్ కళ్లజోడు పెట్టుకుని వెతకాల్సొచ్చింది. పేరులో ఒక అక్షరం తప్పు.

ఆదివారం అతను టకోమా వెళ్లాడు. మెరెట్ టీ పెట్టింది.

"మా తమ్ముణ్ణి వదల్లేదు నాయనా," అంది. "విడుదలైనవాళ్లలో వాడు లేడు. నన్ను లాగడానికి వాడి పాత ఫొటో పెట్టారు."

"తెలిసింది డాక్టర్. నన్ను క్షమించండి."

"ఆ ఎర్ర తెర వచ్చినప్పుడు నిన్ను తిట్టాను. నువ్వని తెలీదనుకో, ఎవణ్ణో తిట్టాను. కనుబొమలు కనిపించాయి. ఒక్క క్షణం ఆగుంటే కళ్లు కనిపించేవి. ఆ ఒక్క క్షణం కోసం చచ్చిపోయినా ఫర్వాలేదనిపించింది అప్పుడు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు టీ తాగుతున్నాను." కప్పు అటూ ఇటూ తిప్పింది. "నాలాంటివాళ్లు ఇంకా ఎంతమంది ఆ తెర చూశారు?"

"అందరూ. దాన్ని ఆ సాయంత్రమే తీసేశారు. మళ్లీ వెయ్యకుండా ఆ ఏర్పాటే ఎత్తేశారు."

"అందుకేనా ఈ ఉత్తరం?" మెరెట్ లేచి వెళ్లి ల్యాప్‌టాప్ తెచ్చి అతని ముందు తిప్పింది. ఆల్డర్‌మియర్ నుంచి, ప్లోవర్ వాడే అందరికీ వచ్చింది. ఆవిడ వేలు పెట్టి ఒక్కో మాటా పైకి చదివింది.

"'మంగళవారం మీకు ఒక ఎర్రటి హెచ్చరిక కనిపించింది. అది మా పొరపాటు. మీకు ఏ ప్రమాదమూ లేదు. మిమ్మల్ని భయపెట్టినందుకు క్షమించండి.'"

చదివి కళ్లజోడు తీసింది. "నా ఇంగ్లీషు అంతంత మాత్రం కదా. వీళ్ల ఉత్తరాలు ఏనాడూ నాకు అర్థమై చావవు. దీనికి మాత్రం ఒక్క మాటకీ డిక్షనరీ తియ్యలేదు."

ఐవార్ కప్పులో మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసి, కోటు తీసుకుని లేచాడు.

"చూశారా డాక్టర్," అన్నాడు. "అబద్ధం చెప్పాల్సొస్తే ఎంత తేటగా రాస్తారో!"